తాడు తడిగా ఉంది

గుణుపురంలో ఆదివారం పొద్దున్న
రైలు వెళ్లిపోయాకే గది చదువుకి పనికొస్తుంది.
గుమాస్తా పట్నాయక్ గారిని అడిగి తెచ్చిన
అలారం గడియారం బల్ల మీద పెట్టాను.
ఒక కాలు విరిగింది దానికి,
మడిచిన ఒడియా పేపరు ఆసరా.

పదకొండు మంది.
ఏటా చెప్పేవే చెప్పాను:
ప్రశ్న రెండుసార్లు చదవండి.
మొదటి ఏడు నిమిషాలు కలం మూత తియ్యకండి.
ఈ కవి మహానుభావుడు అని మొదలుపెడితే
నేనూ మార్కు వెయ్యను, బరంపురంలో దిద్దేవాళ్లూ వెయ్యరు.
మాటని పట్టుకోండి.
ఆ మాటే ఎందుకు, దాని పక్కింటి మాట ఎందుకు కాదు?
చివరి ఐదు నిమిషాలు ముగింపుకి అట్టేపెట్టండి,
తిరుగు బస్సు చార్జీ కొంగున ముడేసుకున్నట్టు.

బోర్డు మీద మూడే పాదాలు:

        రేవులో నావ లేదు.
        గూటానికి కట్టిన తాడు
        ఇంకా తడిగా ఉంది.

"ఎవరు రాసేరండీ?" అన్నాడు కూర్మారావు.
పేరు చెప్తే వీడు పద్యం వదిలేసి
కవి పుట్టిన సంవత్సరం రాస్తాడు.
చెప్పలేదు.

తర్వాత కలాల చప్పుడు,
ఎండుటాకుల మీద కోడిపిల్లలు తిరిగినట్టు.
మానవజీవితం అశాశ్వతమని నలుగురు.
విరహమని ఇద్దరు.
ఒకడు నావని ఆత్మ చేశాడు, తాడుని కర్మ చేశాడు,
రేవుని ఏం చెయ్యాలో తోచక కొట్టేశాడు.
కూర్మారావు అదనపు కాగితం అడిగాడు.

సలోమి గమాంగో
పుట్టాసింగి కొండల మీంచి వస్తుంది.
ఇంట్లో సవర, బళ్లో ఒడియా, సంతలో తెలుగు.
ఇరవై నిమిషాలు ఒక్క అక్షరం పెట్టలేదు.
ఇరవై ఒకటో నిమిషంలో లేచొచ్చి
గొంతు తగ్గించి అడిగింది:
"టీచర్, ఇందులో ఎండ ఉందా?"
పద్యంలో ఎంతుంటే అంతే, వెళ్లి రాయి అన్నాను,
కాస్త విసురుగానే.

ఆమె రాసింది ఇదీ, నేను దిద్దకుండా ఉంచింది:

"ఎండలో తాడు గంటకే ఆరిపోద్ది.
ఇంకా తడి అంటే నావ ఇప్పుడే ఎల్లింది.
మనం కొంచెం ముందొస్తే అందేది.
ఇందులో ఏడుపు లేదు. ఆలస్యం ఉంది.
ఇంకా అనే మాట తీసేస్తే పద్యం మునిగిపోద్ది.
కానీ నావ ఎల్లిపోతే తాడు ఇక్కడెందుకుంది?
ఇప్పినోళ్లు తాడుని"

అక్కడ అలారం మోగింది.

ఉపోద్ఘాతం లేదు, రెండు పోయాయి.
ముగింపు లేదు, మూడు.
అలంకారం పేరెత్తలేదు, దానికి ఇంకో నాలుగు.
పట్టిక ప్రకారం ఇరవైకి పదకొండు.
కూర్మారావుకి పద్నాలుగు.
ఎర్ర కలంతో వేసి, గుండ్రంగా చుట్టాను.

పాత ప్రశ్నలన్నీ పిల్లలు బట్టీ పట్టేశారని
గురువారం రాత్రి కరెంటు పోయినప్పుడు
కొవ్వొత్తి ముందు కూచుని నేనే అల్లాను ఆ మూడు పాదాలూ.
తాడు ఎందుకు మిగిలిందో
నాకు తట్టనే లేదు.

వచ్చే ఆదివారం ఆమెకి లెక్క నేర్పాలి.
ఏడు, ముప్పై మూడు, ఐదు.
నేర్పుతాను. బీఎడ్ సీటుకి ఆ మార్కులు కావాలి,
కొండ మీద బళ్లోకి ఆమెలాంటి టీచరు కావాలి.
అయినా ఎక్కడో గుబులు:
లెక్క వంటబట్టాక
ఎండ ఉందా అని అడుగుతుందా మళ్లీ?

సాయంత్రం గడియారం తిరిగిచ్చేశాను.
"బాగా పనిచేసిందా?" అన్నారు పట్నాయక్ గారు.
ఫోనుతో సరిచూశాను, అన్నాను.
ముప్పావు గంటకి
రెండు నిమిషాలు ముందు పరిగెడుతోందండీ.