బారసాలకు ముందు

కీలుంగ్ రేవులో వాన ఆగదు.
చేపల పడవలకు ఐసు కొట్టే మిల్లు, దాని పైన మా గది,
కిటికీకి నల్లటి పట్టా.
బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి ఐదు ప్రాసెసర్లు.
పేర్లు లేవు. మూతల మీద లేజరు గీసిన ఏవో అక్షరాలు,
పక్కన మార్కరుతో త్సెంగ్ వేసిన నంబర్లు.

బారసాల ఇంకా పదకొండు రోజులుంది.
సముద్రం అవతల వేదికెక్కి ఎవరో పేరు పలికేదాకా
వీటి సంగతి ఎవరికీ చెప్పమని
సంతకాలు పెట్టాం.
చెప్పమని.
ఆ మాట ఎటు తిప్పితే అటు తిరుగుతుంది,
రాత్రి ఒంటిగంట దాటితే మరీనూ.

నా పని పోయడం.
థర్మోసు వంచి రాగి కుండలోకి కొంచెం కొంచెంగా నైట్రోజన్.
తెల్లటి పొగ బల్ల అంచు దిగి నా చెప్పుల మీదుగా పోతుంది.
వంట చేసే చేతికి ఉప్పు తెలిసినట్టు
ఈ చేతికి చలి తెలుసు.
త్సెంగ్ మదర్‌బోర్డుకి వాజలైన్ పూస్తాడు,
సందుల్లో టిష్యూ కాగితాలు కుక్కుతాడు,
పసిబిడ్డకు నలుగు పెట్టినంత ఓపిక.
ఆరేళ్ళుగా చూస్తున్నాను,
మనిషితో ఇంత మెత్తగా ఉండగా చూడలేదు.

ఒకటోది ఏడు గిగాహెర్ట్జ్ దగ్గర నీలం తెర వేసింది.
రెండోది వోల్టేజీ పెంచగానే అలిగి పడుకుంది, మళ్ళీ లేవలేదు.
మూడు ఫరవాలేదు.
నాలుగు మీద ఆశ పెట్టుకున్నాం.
ఏడున్నర దాటి, ఇంకాస్త, ఇంకాస్త అంటుండగా
కింద ఐసు కొట్టే మోటారు మొదలైంది.
గోడ వణికింది, కరెంటు ఒక్క క్షణం సన్నబడింది.
వాసన లేదు, చప్పుడు లేదు.
బోర్డు మీద రెండు సున్నాలు.

త్సెంగ్ చాలాసేపు ఆ సున్నాలనే చూశాడు.

మిగిలింది ఐదోది.
గాలిలో పరీక్షించిన నాడే మొద్దని తీసి పక్కన పెట్టినది.
ఒకే సిలికాన్ పళ్ళెంలోంచి కోసినా
ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవు కదా.
ట్యాంకు అడుగున రెండు లీటర్లున్నాయి,
పారబోయడమెందుకని బిగించాం.
నేను కిందికి దిగి లియావ్ అవ్వను బతిమాలాను:
ఒక్క నిమిషం మోటారు ఆపమని.
పడవలు ఆగి ఉన్నాయంది. డబ్బిస్తామన్నాను.
"పైన ఏం చేస్తారు మీరు?"
"చల్లబరుస్తాం."
"దేన్ని?"
నోరు మూసుకున్నాను.
"నేనూ అదే చేస్తున్నా నలభై ఏళ్ళుగా,
ఇంత గుట్టుగా ఎప్పుడూ చేయలేదమ్మా," అని స్విచ్ దించింది.

మిగతావి నూట అరవైకే బిగుసుకుపోయాయి.
ఇది మైనస్ నూట తొంభైలో కళ్ళు తెరిచింది.
ఏడున్నర. ఎనిమిది.
పోస్తున్నాను. త్సెంగ్ ఊపిరి వినిపించడం లేదు.
ఎనిమిది పాయింట్ నాలుగు.
తెర నిలబడింది,
నాలుగు సెకన్లో, ఐదో,
అతని వేలు మీట నొక్కేంతసేపు.
బొమ్మలో అన్నీ ఉన్నాయి, అంకెలు, వోల్టేజీ, టైము.
పేరుండాల్సిన గడిలో మాత్రం
గుర్తు తెలియని ప్రాసెసర్ అని ఉంది.

తర్వాత కుండ కక్కిన మంచు కరిగి బల్లంతా నీళ్ళు.
మేం కేక వేయలేదు. ఎవరికి వినిపించాలని?
త్సెంగ్ తుడుస్తూ కూర్చున్నాడు,
తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ.

నేను కిందికి వచ్చేసరికి మోటారు మళ్ళీ తిరుగుతోంది,
పడవ గొట్టంలోకి ఐసు గలగలా పడుతోంది.
అవ్వ తలెత్తకుండా అడిగింది, "ఎంత?"
సంతకం గుర్తొచ్చింది. నోరు తెరవలేదు.
కానీ చేతులు ఆగలేదు, ఎనిమిది వేళ్ళు చూపించాను.
పాయింట్ నాలుగుకి మిగిలిన రెండూ చాలలేదు.

ఆమె తల ఊపి, చెవి మీది పెన్సిలు తీసి,
తడిసిన రసీదు పుస్తకంలో రాసింది:
మోటారు ఆపినందుకు,
ఎనిమిది నిమిషాలు.