పచ్చికుండ మీద

రాంకోఠీలో రెండో అంతస్తు మా ఆఫీసు.
కింద జిరాక్స్ షాపు, దాని వెనక
పెళ్ళి బ్యాండు వాళ్ళ గోడౌను.
ఆషాఢం వాళ్ళకి పని లేని నెల,
నాకు ఊపిరాడని నెల.
మెట్ల మలుపులో పేర్చిన ఇత్తడి బాకాలు
నోళ్ళు తెరుచుకుని
ఎక్కొచ్చే ఒక్కో క్లయింటునీ చూస్తుంటాయి.

ఏప్రిల్లో రావాల్సిన ఫారం
జూన్ చివర్లో వచ్చింది.
దాన్ని నింపే సాఫ్ట్‌వేరు ఇంకో పన్నెండు రోజులకి.
జూలై పంతొమ్మిది రాత్రి తొమ్మిదీ పదికి
ఒక సవరణ.
రెండున్నర పేజీలు. చివరినుంచి మూడో పేరాలో
"ఇది గత ఏప్రిల్ నుంచే అమల్లో ఉన్నట్టు భావించవలెను."

భావించవలెను.
ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.
నిన్న నడిచిన దారికి ఇవాళ అడ్డంగా గోడ కట్టి
నువ్వు గోడలోంచే నడిచావనుకోమంటే
మోకాళ్ళు ఎలా అనుకుంటాయి?

అప్పటికి పంపేసినవి నూటపదకొండు రిటర్నులు.
మెహజబీన్ ఫైలు అట్ట మీద గీతలు గీసి లెక్కపెట్టింది.
మళ్ళీ తెరవాల్సినవి అరవై నాలుగు.
"తప్పు మనదా మేడమ్?"
కాదన్నాను.
"మరి సారీ ఎవరు చెప్పాలి?"
ఫోను అప్పటికే నా చేతిలో ఉంది.

నర్సు షారన్ నైట్ డ్యూటీలోంచి ఎత్తింది,
నా మాట కన్నా ముందు ఎవరి బిడ్డదో ఏడుపు వినిపించింది.
"ఏదో ఒకటి కొట్టేయండి మేడమ్, తర్వాత చూద్దాం."
తర్వాత చూసేది నేనే కదా.
గడియారాలు బాగుచేసే జహీరుద్దీన్ సాబ్ మాత్రం నవ్వాడు.
"ముల్లును నేనెప్పుడూ ముందుకే తిప్పుతనమ్మా.
ఎన్కకు తిప్పితే స్ప్రింగు పోతది."

ఐలయ్య ఫోనులో వినలేదు, నేరుగా వచ్చేశాడు.
డిపోలో ముప్పై ఒక్కేళ్ళు బస్సుల కింద పడుకున్న మనిషి,
కూర్చోమంటే ఇప్పటికీ
తన బట్టలకేదో అంటుకుని ఉన్నట్టు
ముందు కుర్చీ అంచు చూసుకుంటాడు.
రీఫండు పదకొండువేల నాలుగొందలని
రెండు వారాల కింద నేనే చెప్పాను.
ఎడమ కంటి ఆపరేషనుకి తారీఖు తీసుకున్నాడు.
ఇప్పుడది రెండువేల చిల్లర.

"లెక్క నువ్వు తప్పు చేసినవా బిడ్డా?"
లేదు.
"నేను?"
లేదు.
"మరి గా తొమ్మిదివేలు యాడికి పోయినయ్?"

స్క్రీను ఆయన వైపు తిప్పాను.
పొర కమ్మిన కన్ను అరచేత్తో మూసుకుని
రెండో కంటితో చదివాడు,
పెదాలు కదుపుతూ, ఒక్కో అంకె.
ఆ తర్వాత ఏమీ అనకుండా
సంచీలోంచి కాగితాలు తీశాడు.
మూడోసారి. అవే కాగితాలు.

ఆ సోమవారం టీవీలో రంగం చూపించారు.
పచ్చికుండ మీద నిలబడి ఆవిడ
వానలు పడతాయంది, పంటలు పండుతాయంది.
కాల్చని మట్టి, అయినా పగల్లేదు.
మేమూ అలాగే నిలబడతాం ఏటేటా,
ఇంకా ఆవంలో కాలని చట్టం మీద,
అరికాళ్ళు బిగబట్టి,
అడిగిన ప్రతివాడికీ జవాబు చెబుతూ.
తేడా ఒకటుంది.
ఆవిడ చెప్పింది జరక్కపోతే
ఎవరూ నోటీసు పంపరు.

ముప్పై ఒకటి.
సాయంత్రం నుంచీ సైటు తిరుగుతోంది గుండ్రంగా.
యాకుత్‌పురాలో మెహజబీన్ అక్క పాపకి
ఆ రాత్రే పేరు పెట్టే దావత్.
ఎడమ చేతికే గోరింటాకు పెట్టుకొచ్చింది,
కుడిచేయి మౌసుకి కావాలని.

పదకొండూ ఐదుకి ఆఖరి రిటర్ను వెళ్ళింది.
పదకొండూ ఇరవైకి గడువు పెంచారు.
నలభై అయిదు రోజులు. ఒకే వాక్యం.
ఎందుకన్న మాట అందులో లేదు.

మేమిద్దరం దాన్ని చెరోసారి చదివాం.
కింద బ్యాండు కుర్రాడెవరో
శ్రావణం కోసం తుడిచిన బాకాని
ఒక్కసారి ఊది ఆపేశాడు.

"పాపకి ఏం పేరు పెట్టారు?" అడిగాను.
బోర్లా పెట్టిన ఫోను వైపు చూసింది మెహజబీన్.
"ఇంకా చూడలేదు మేడమ్."