ఒంటిగంటకు బయల్దేరి, రెండున్నరకు

టికెట్టు మీద ఇలా ఉంది:
వ్లాదివొస్తోక్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకు బయలు,
మాస్కోలో అదే మధ్యాహ్నం రెండున్నరకు చేరిక.
గంటన్నరేనా!
కౌంటర్లో పిల్ల నవ్వింది.
"ఎనిమిదిన్నర గంటలు, అలెవ్తీనా గారూ.
మిగతా ఏడూ సూర్యుడి ఖాతాలోకి పోతాయి."

నాకు వచ్చిన లెక్క వేరు.
తొమ్మిది వేల రెండు వందల ఎనభై ఎనిమిది కిలోమీటర్లు,
దాదాపు వారం,
పెట్టెకి ముప్పై ఆరు పడకలు,
పూటపూటా తుడవాల్సిన నడవా,
చల్లారనివ్వకూడని ఒక సమోవార్.
ముప్పై ఒక్క ఏళ్లు ఆ రైల్లో
మనుషుల్ని లెక్కపెట్టాను, టీ గ్లాసుల్ని లెక్కపెట్టాను.
ఇవాళ ఎవరో నన్ను లెక్కపెట్టి తలుపు వేశారు.

గాలిలో దారి ఆరువేల నాలుగు వందలేనట.
తక్కిన మూడువేలు ఏమయ్యాయని అడగబోయి
ఊరుకున్నాను.
ఎక్కడున్నాయో నాకు తెలుసు.
అమూర్ పక్కన వంపుల్లో కొన్ని,
బైకాల్ ఒడ్డు పట్టుకుని వెళ్లే ఆ పొడుగాటి పూటలో కొన్ని,
మొగొచాలో బండి ఆగిన కాసేపట్లో
చక్రాల కింద గడ్డకట్టిన మంచుని
గొడ్డలితో నేను కొట్టిన చోట ఇంకొన్ని.

"కింద చితా వచ్చి ఉంటుంది," అన్నాను పక్కాయనతో.
ఆయన ముందున్న తెర చూపించాడు.
యాకూతియా మీదున్నాం.
నా పట్టాలు ఎక్కడో దక్షిణాన,
నేను లేకుండానే.
రెక్క చివర సూర్యుడు మేకు కొట్టినట్టు నిలబడ్డాడు.

రెజెదాకి రేపు పొద్దున ఆపరేషన్.
ఫోన్లో చెప్పింది అంతే.
"నువ్వేం రానక్కర్లేదు," అంది రెండుసార్లు.
రెండోసారి అన్నాకే టికెట్టు కొన్నాను.

మాది ఒకే పెట్టె, ఒకే గది.
పై బల్ల నిండా దుప్పట్ల మూటలు,
కింది బల్ల ఇద్దరికీ.
రాత్రి ఆమెది, పగలు నాది.
దిండులో నా వేడి ఆరకముందే
ఆమె వాలిపోయేది.
డ్యూటీ మారే ఆ ఇరవై నిమిషాలే
ఇద్దరం ఒకేసారి మెలకువగా ఉన్నది.
ఇరవై నిమిషాల చొప్పున ముప్పై ఒక్క ఏళ్లు కూడితే
ఎంతవుతుందో వేలు మడిచి చూశాను.
యేనిసెయ్ రాకముందే
మడిచిన వేళ్లు విప్పేశాను.

అప్పట్లో రైల్లో గడియారాలన్నీ మాస్కో టైమే.
బయట తెల్లారి ఆవులు మేస్తుంటే
మా గోడ మీద అర్ధరాత్రి.
ఆ టైము ఉండే ఊళ్లో దిగాను.
సరిగ్గా రెండున్నర.
నా ఒంట్లో మాత్రం రాత్రి తొమ్మిదిన్నర,
మోకాళ్లలో అంతకన్నా ఎక్కువ.

నాలుగో అంతస్తు, కిటికీ పక్క మంచం.
నిద్రపోతోంది.
ఎప్పుడు చూశాను గనక ఈ ముఖం మెలకువగా!
లేపలేదు. కుర్చీ లాక్కున్నాను.
ఇప్పుడు నా వంతు.

బల్ల మీద టీ గ్లాసు,
అడుగున ఆ ఇత్తడి పట్టు.
ఉద్యోగం వదిలిన రోజు చెరొకటి దొంగిలించాం.
ఇక్కడ నేల కదలదు.
గ్లాసులో చెంచా మోగదు.
ఈ నిశ్శబ్దంలో దానికి ఎలా నిద్ర పట్టిందో.

వేలితో గ్లాసుని
మెల్లగా కదిపాను.