గడప లేని బడి

మొదటిరోజే అడిగేసింది మా నాయనమ్మ:
"గడప లేని గుమ్మమేంటమ్మా, పసుపెక్కడ రాస్తారు?"
సువార్తమ్మ టీచర్ నా కాలిపర్ పట్టీ బిగిస్తూ
"వీళ్ళ మోకాళ్ళకండీ, దోక్కుపోయినప్పుడు" అంది.

గుంటూరులో, పాత పొగాకు గోడౌన్ల వెనక సందులో
ఎర్రిటికల బడి.
వీధి నుంచి తరగతిదాకా ఒక్క మెట్టు లేదు.
మెట్టు ఉండాల్సిన ప్రతిచోటా
నేలే మెల్లగా మనసు మార్చుకుని పైకి లేచేది.

నల్లబల్ల గచ్చుదాకా దిగొచ్చేది
పాక్కుంటూ వచ్చే దానియేలు కోసం.
వాడు అడుగున అ ఆలు దిద్దుతుంటే
చంకకర్రల మీద కోటిరత్నం పైన ఎక్కాలు రాసేది.
ఆమె సుద్దపొడి వాడి జుట్టులో రాలేది.
గోడ పొడవునా రెండు కమ్మీలు
నిలబడేవాళ్ళకొకటి, పాకేవాళ్ళకొకటి.
కిందిదే ఎక్కువ మెరుస్తుంది, ఇప్పటికీ.

మార్చి వస్తే యార్డు మీంచి మిర్చి ఘాటు.
బడంతా ఒకటే తుమ్ములు.
తుమ్మడానికి కర్రలక్కర్లేదురా అని
పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ వాలు కట్టింది మీరావలి మేస్త్రీ.
రసమట్టం పక్కన పడేసి గోలీ వదిలి చూసేవాడట.
గోలీ పరిగెడితే పగలగొట్టి మళ్ళీ కట్టేవాడట.
మూడుసార్లు పగలగొట్టాడని,
నాలుగోసారికి కూలి పుచ్చుకోలేదని
టీచర్ చెప్పేది. నిజమో, మాకోసం అల్లిందో.

తర్వాత నన్ను చాలాచోట్లకి మోశారు.
బ్యాంకులోకి, పెళ్ళిపందిట్లోకి,
రిజిస్ట్రారాఫీసు రెండో అంతస్తుకి కుర్చీతో సహా.
మోసినవాళ్ళంతా మంచివాళ్ళే.
మంచితనం చంకల కింద గుచ్చుకుంటుంది,
అంతే.

ఇవాళ ఇంజనీరు కుర్రాడొచ్చాడు
శిథిలం అని రాసుకుపోవడానికి.
మూడు చక్రాల బండి మీద నేనూ వచ్చాను
ఎవర్నీ సాయం పిలవకుండా.
"అప్పట్లో మెట్లు కట్టడం మర్చిపోయారామ్మా?"

నేను నోరు తెరిచేలోగా
అతని చేతిలోని స్టీలు టేపు జారి
వాలు మీద దొర్లింది.
పరుగు కాదు, నడక.
సగం దారిలో ఒక చదునుంది,
ఎక్కేవాళ్ళు ఊపిరి తీసుకోమని
మేస్త్రీ వదిలిపెట్టిన నాలుగు మూరల జాగా.
అక్కడికొచ్చి ఆగింది.

అతను వంగాడు. వెంటనే తియ్యలేదు.
కింది కమ్మీ పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.
యార్డులో ఎవరో బస్తాలు విప్పినట్టున్నారు,
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.