పచ్చ అని రాశాను

గుణుపురం లైనులో లెవెల్ క్రాసింగు నాది.
రోజుకు రెండే బండ్లు. మిగతా పొద్దంతా
జనప చేలు, ఎండ, నేను.
ఊరికే కూర్చోలేక
గేటు రిజిస్టరు వెనక పేజీల్లో
తుమ్మెదల రాకపోకలు రాయడం మొదలెట్టాను.
జెండాలు పట్టే చెయ్యి కదా,
దేన్నయినా రంగును బట్టే నమ్ముతుంది.

నల్లది.
తల నుంచి తోక దాకా బొగ్గే,
కానీ ఎండకు రెక్క కాస్త వాలిస్తే
నీళ్ల మీద కిరసనాయిలు చుక్క పడ్డట్టు
ఊదా, నీలం, మళ్లీ ఊదా.
జిల్లేడు మీద రోజూ ఉంటుంది. లెక్కపెట్టడం మానేశాను.

శాలువాది.
దీనిదీ నలుపే, వీపున మాత్రం
ఎవరో సన్మానం చేసి పంపినట్టు పసుపు ముక్క.
జనప పువ్వును కాళ్లతో అదిమి
తలుపు తోసుకున్నట్టు లోపలికి పోతుంది.
వారానికి మూడో నాలుగో.

నీలిగీతలది.
ఇది తుమ్మెదే కాదంటాడు మా మేస్త్రీ.
నేను కొట్టెయ్యలేదు.
వంగపువ్వును పట్టుకుని మరలా మోగుతుంది,
చీకటి పడితే ఎండు పుల్లను నోట కరిచి
అలాగే వేలాడుతూ నిద్రపోతుంది.

మంచు కొండల్లో ఇంకా బొద్దువి ఉన్నాయట,
తోక తెల్లగా, ఒంటి నిండా ఉన్ని.
గేటు దగ్గర ఆగిన సిపాయి ఒకడు చెప్పాడు.
వాటికీ ఒక పేజీ వదిలాను.
ఈ ఉక్కకు అవి రావని తెలిసే.

ఇక ఆఖరుది. ఏడాదికి ఒక్కసారి.
మాఘం వెళ్లిపోతుండగా, పదకొండు గంటలప్పుడు,
ఒళ్లంతా మెరిసే నూగుతో
గాలిలో ఒక్కచోటే నిలబడి నన్ను చూసింది.
నా చేతిలో జెండా, ముందు బండి.
గార్డు పెట్టె దాటాక గబగబా రాశాను,
ఒక్క మాట: పచ్చ.
పక్కన, అరుదు.

డ్యూటీ మారడానికొచ్చిన దాశరథి సాబత్
తెలుగు మాట్లాడతాడు, చదవలేడు.
చదివి వినిపిస్తే అడిగాడు:
“పచ్చంటే? హళదియానా, సబుజానా?”

నోరు తెరిచి ఉండిపోయాను.
పసుపూ పచ్చే, ఆకూ పచ్చే.
పచ్చగా ఉండరా అని అమ్మ దీవించినప్పుడు
ఏ రంగని అడిగానా?
“మీ భాషను నమ్ముకుని బండ్లెలా నడుపుతారయ్యా” అని
వాడు తాళాలు తీసుకుని నవ్వాడు.
నేను నవ్వలేదు. చూసింది గుర్తు లేదు,
రాసింది మాత్రం ఉంది.

వైశాఖంలో గాలివాన వచ్చి
గుమటీ చూరు వెదురు ఊడి పడింది.
చీపుళ్ల మోపు దించి రైబారి సబర
దాన్ని చెవికి ఆనించుకుంది.
“ఇల్లుంది” అంది.
కొడవలి మొనతో ఒక పక్క చెక్కు లేపింది.

రంపపు పొట్టు గోడలు, పుప్పొడి ముద్దలు,
చివరి గదిలో
శాలువాలవి మూడు, నిలువెల్లా పచ్చవి రెండు,
ఒకదాని మీద ఒకటి కాళ్లు వేసుకుని.
“అన్నలూ చెల్లెళ్లూ” అంది రైబారి.
పచ్చది మగదట, కుట్టదట,
తీసి నా అరచేతిలో పెట్టింది.
చింతగింజంత బరువు. లోపల ఏదో ఇంజను.
దగ్గరగా చూశాను:
ముదురు పసుపు, అంచుల్లో పసరు.
దాశరథికి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు.

వాళ్ల మాటలో దాని పేరు చెప్పింది.
మధ్యలో గొంతు చిన్నగా ఆగుతుంది,
ఆ ఆగడానికి నా దగ్గర అక్షరం లేదు.
రెండు అక్షరాలు రాసి నడుమ ఖాళీ ఉంచాను.

చెక్కు మూసి, ఆమె నారతో కట్టి ఇస్తే
వెదురును మళ్లీ చూరుకు దోపాను.
రిజిస్టరులో అరుదు అన్నది కొట్టేశాను.
రెండు వరసల్నీ ఒక గీతతో కలిపాను.
వేర్వేరు పేజీలు కాబట్టి గీత కుట్టు దాటి
వంకరగా పోయింది.

మధ్యాహ్నం బండి కూత.
మూలనున్న జెండా తీశాను,
పచ్చది.