బడి కందకం

యుద్ధం అయిపోయిందని
మా బడి కిటికీలకు ఎవరూ చెప్పలేదు.
అద్దాలకు అంటించిన నల్ల కాగితం
నలభై ఆరులో కూడా అలాగే ఉంది.
ఎవడో గోటితో గీకిన కన్నంలోంచి
మూడో బెంచీ మీద బియ్యపుగింజంత ఎండ పడేది.
అది నా పుస్తకం మీంచి జారి
కుప్పుస్వామి మోచేతిని తాకితే
ఇంకో పావుగంటలో గంట కొడతారని లెక్క.
లెక్కల్లో నాకు వచ్చిందల్లా అదొక్కటే.

తంగసాల వీధి, చెన్నపట్నం.
మగపిల్లల బడి. రెండంతస్తులకీ ఒకటే కుళాయి.
నోటుపుస్తకం కాగితంలో ఊక కనిపించేది,
పాళీ దానికి తట్టుకుని సిరా చిందేది.
అందరి డబ్బాల్లోనూ రేషన్ జొన్న వాసన.
మా నాన్నది పప్పుల మండీ కనక
నా డబ్బాలో అన్నం.
మూత చాటున తినేవాణ్ణి.

కుళాయికీ ప్రహరీకీ మధ్య
విమానాలొస్తే దూరడానికి తవ్విన కందకం.
వచ్చింది ఒక్కసారేనట, అదీ రాత్రిపూట.
మేం అందులో గోళీలు దాచేవాళ్ళం,
ఉచ్చ పోసేవాళ్ళం,
ఐప్పసి వానలకి కప్పల్ని పట్టేవాళ్ళం.

పైడిరాజు ఆ ఏడాదే చేరాడు.
మాకంటే మూడేళ్ళు పెద్ద, మాకంటే పొట్టి.
రంగూన్ నుంచి నడిచొచ్చాడని చెప్పుకునేవారు.
నిజంగా నడిచేనా అంటే తలూపాడు.
ఎంతమంది బయల్దేరారు అంటే
అయిదు వేళ్ళూ చూపించి, రెండు మడిచి,
కాసేపాగి ఇంకోటి మడిచి,
చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

పన్నెండింటికి మిల్లు కూస్తే
వాడు గోడకి అంటుకుపోయేవాడు.
అది మాకు రోజూ తమాషా.

ఓ మధ్యాహ్నం వాడి వెనక నిలబడి
నోటితో సైరన్ ఊదాను.
నేనే.
ఇంకెవరో అని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను.
సన్నగా మొదలెట్టి, పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి...
బాగా ఊదేవాణ్ణి.

వాడు పారిపోలేదు.
నా కాలరు పట్టి లాగి కందకంలోకి దూకి
నన్ను బురదలో బోర్లా పడేసి
నా మీద పడుకున్నాడు.
రెండు చేతులూ నా చెవుల మీద.
"తొంగో, తొంగో! నోరు తెరిసుంచు,
మూసినావంటే సెవులు పేలిపోతాయిరా!"
మెడ మీద వాడి ఊపిరి వేడిగా.
వాడి గుండె నా వీపులో కొట్టుకుంది.
పైన పిల్లలు విరగబడి నవ్వుతున్నారు.
నేను నోరు తెరిచాను.
నోట్లోకి బురదనీళ్ళొచ్చాయి.

ఇంటికెళ్ళి, వాడే తోశాడన్నాను.
చొక్కా కంట్రోలు గుడ్డ. అమ్మ క్యూలో నిలబడి తెచ్చింది.
మర్నాడు నాన్న బడికొచ్చాడు.
డ్రిల్లు మాస్టారు దొరస్వామి నాయుడు గారు
వాడికి ఆరు దెబ్బలు వేశారు.
ఆరింటికీ వాడు నోరు తెరిచే ఉంచాడు,
అరవడానికి కాదు.
అది అక్కడ నాకొక్కడికే తెలుసు.

డిసెంబరు సెలవుల తర్వాత రాలేదు.
హాజరు పిలిచేటప్పుడు పంతులుగారు
ఆ పేరు దగ్గర కొన్నాళ్ళు ఆగేవారు,
ఆ పైన ఎర్రసిరా.
కందకం మాచేతే పూడ్పించారు, డ్రిల్లు పీరియడ్‌లో.
నా వంతు పదకొండు బుట్టల మన్ను.
వాడి ఇంటిపేరు నేను అడగనేలేదు.

పోయిన నెల ఆస్పత్రిలో
గొట్టంలాంటి యంత్రంలోకి తోశారు నన్ను.
చెవుల్లో దూది పెట్టారు.
మోత మొదలవగానే, ఎనభై తొమ్మిదేళ్ళ నోరు
దానంతటదే తెరుచుకుంది.
మైకులో ఎవరో అమ్మాయి:
"తాతగారూ, నోరు మూసుకోండి, కదలకండి."

మూయలేదు.
బొమ్మ చెడిపోయిందట.
మళ్ళీ మొదట్నుంచీ తీశారు.