సుద్ద పొర

నిర్మల్ దాటినంక ఘాటు రోడ్డు మూడో మలుపుల
ఓదెలు మామ బస్సు కిటికీలకెల్లి చెయ్యి బయటపెట్టి
"గిక్కడ రాయి మారుతది" అన్నడు.
కండక్టర్ తిట్టిండు. చెయ్యి లోపలికొచ్చింది.
రాయి మాత్రం మారింది.

మాది మడికొండ దిక్కు, ఓరుగల్లు పక్కపొంటి.
పేర్లనే రాయిని మోసే జాగ.
ఒక్కటే బండ, ఏనుగు వీపు లెక్క.
దాని నరం యాడుందో మా వడ్డెరోళ్ల పోరగాళ్లు
బొటనవేలితోని తడిమి చెప్తరు.
ఇక్కడిది వేరే.
ఎవరో జొన్నరొట్టెలు కాల్చి
ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టు,
అంచులు మాడి, నడుమ బుగ్గలు లేచి.

"ఇది పుట్టిన రాయి కాదు బిడ్డా, పారిన రాయి."
మామ ఏ బడికీ పోలె.
సమ్మెట దెబ్బకు అది పలికే తీరు విని చెప్తడు.
మన రాయి ముక్కుతది,
ఇది ఇత్తడి చెంబు లెక్క ఖంగుమంటది.

నేరడిగొండల దిగి కడెం వాగు పట్టుకుని నడిచినం.
చైత్రం. నీళ్లకంటె వాగు ఎముకలే ఎక్కువ.
లొద్ది ఇరుకైన కాడ
ఆకాశం పంచె అంచంత.
రెండు దిక్కుల గోడలు నిలువునా పగిలి
కట్టెలమోపులు నిలబెట్టినట్టున్నయి.
సందుల తేనెతుట్టెలు.
ఒక తుట్టె కింద ఎవరిదో వెదురు నిచ్చెన,
ఆఖరి మెట్టు లేదు.

ఇప్పపూలు ఏరుతున్న సిడాం భీంబాయి
నడుము ఎత్తకుంటనే అడిగింది:
"ఏం పారేసుకున్నరు?"
మామకు జవాబు దొరకలె.
"ఒక గుంత" అన్న నేను.
ఆమె నవ్వలె. చెయ్యి చూపించింది.

గుంత ఉన్నది.
ముప్పై ఏడేండ్ల కింద రోడ్డుకు కంకర కొట్టిన క్వారీ.
ఇప్పుడు పచ్చటి నీళ్లు, ఒక నీటికాకి,
తుప్పు పట్టిన కంప్రెసర్ పైపు.
కింద నల్లరాయి, మీద నల్లరాయి,
నడుమ జానెడు తెల్ల పొర.
గోటితోని గీకితే రాలే సుద్ద.
దాంట్ల కందిగింజంత నత్తగుల్లలు,
రాయైపోయి, చుట్టు చెదరకుంట.

నేను చదువుకున్నది అప్పుడు గుర్తొచ్చింది.
ఒక నిప్పు పారి సల్లారినంక,
ఇంకో నిప్పు రాకముందు
ఇక్కడ ఒక మడుగు ఉండె. వానలు పడ్డయి.
నత్తలు గుడ్లు పెట్టినయి.
ఎన్ని వేలేండ్లో నాకు తెల్వదు.
కొలిస్తే మాత్రం జానెడే.

"గిది పనికిరాదని అవతల పోసేది.
మీయమ్మ ఏరుకుని కొంగున కట్టుకునేది."
ఎందుకని అడిగిన.
చెప్పకుంట నడిచి, పైబండ చూరు లెక్క వంగిన కాడ ఆగిండు.

గోడ మీద గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
మేకుతోని గీకి, గీతల సుద్ద నింపింది.
అమ్మ మోసిన కంకర తట్టలు.

మేస్త్రి పుస్తకంల ఎప్పుడూ తక్కువే పడేవట.
ప్రతి శనారం వాన్ని ఈడికి తెచ్చి చూపించేదట.
"రాతి మీద రాస్తె చెల్లదు కొమ్రమ్మా" అనేటోడట వాడు.
మా ఓరుగల్లుల రాజులు రాయించినయి
ఇప్పటికీ అద్దాలు పెట్టుకుని చదువుతున్నరు.

లెక్కపెట్టిన. రెండుసార్లు తప్పిన.
ఆఖరి గుంపుల మూడే గీతలు.
"ఇక్కడ ఎందుకు ఆగింది?"
మామ తువ్వాలతోని మెడ తుడుచుకున్నడు.
"వాన వచ్చుండొచ్చు" అన్నడు.
కొంచెం సేపైనంక,
"లేకుంటె నువ్వొచ్చుండొచ్చు."

సుద్దముక్క నా చేతిల ఉన్నది.
నాలుగోది గియ్యబుద్దయింది. గియ్యలె.
అది నేను మోసిన తట్ట కాదు.

నీటికాకి మునిగింది.
అది మళ్ల లేచేదాక
ఇద్దరం ఊపిరి పట్టుకుని నిలబడ్డం.